బ్రాకెట్లో ఊరు

మా సంజీవరావు తాతయ్యకి డెబ్బై ఒకటో ఏట కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవాలనిపించింది. ఆ వయసులో మనుషులకి మోకాళ్ళ నొప్పులొస్తాయి, షుగరొస్తుంది. ఈయనకి ఇదొచ్చింది.

తెనాలిలో ఒక హైస్కూల్లో ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగా చేసిన మనిషి. రిటైరయ్యాక సంఘం పుస్తకం రాసే పని మీద వేసుకున్నాడు. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. ఎక్కడా ఒక్క కొట్టివేత ఉండేది కాదు. ఆ గర్వం ఆయన ముఖాన పౌడరులాగా ఎప్పుడూ కాస్త కనిపిస్తూనే ఉండేది.

కిందటేడు వానాకాలంలో మా అమ్మమ్మ కాంతమ్మ చనిపోయింది. ఇంట్లో మనుషులకేం తక్కువ లేదు. చిన్న కూతురు లిడియా, అంటే మా పిన్ని, అల్లుడు వినయ్ కుమార్ తాతయ్యతోనే ఉంటారు. కాకపోతే లిడియాకి ఆసుపత్రిలో నర్సు డ్యూటీ, వినయ్ కుమార్‌కి గుంటూరు రైలు. చదువులు వెలగబెట్టడానికి హాస్టళ్ళకి పోయిన మనవలు ఆదివారం ఫోన్ చేసేవారు, అదీ ఛార్జింగ్ ఉంటే. పొద్దున తొమ్మిది దాటితే సాయంత్రం ఆరింటిదాకా మారీసుపేటలోని ఆ ఇంట్లో తాతయ్యా, హాట్‌ప్యాక్‌లో అన్నమూ, అంతే.

ఇదివరకు తాతయ్య పేపరు పైకి చదివేవాడు. అమ్మమ్మ కూరగాయలు తరుగుతూ ప్రతి వార్తలోనూ తప్పు పట్టేది. ఇప్పుడు ఎంత గట్టిగా చదివినా ఏ వార్తలోనూ తప్పు లేదు. నాలుగు రోజులు చదివి ఆపేశాడు.

అప్పుడు లిడియా పాత ల్యాప్‌టాప్ ఆయన కంటబడింది. ఫోన్లో పాఠాలు చూసి నేర్చుకున్నాడు. ప్రోగ్రాముల గురించి ఏ ప్రశ్న అడిగినా ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో జవాబు రాసే చోటు ఒకటుందని కూడా తెలుసుకున్నాడు. మొదటి ప్రశ్న రాయడానికి మూడు రోజులు పట్టింది. "గౌరవనీయులైన అయ్యలకు, తెనాలి వాస్తవ్యుడు, విశ్రాంత గుమాస్తా సంజీవరావు సవినయంగా విన్నవించుకొనునది" అని ఇంగ్లీషులో మొదలుపెట్టి, అరపేజీ గడిచాక అసలు సంగతికి వచ్చాడు. కాంతమ్మ అనే పేరులో తన కంటికి మూడు అక్షరాలు కనిపిస్తుంటే, లెక్కపెట్టమంటే కంప్యూటరు ఏడు అంటోంది. ఎందుకు?

పది నిమిషాల్లో జవాబొచ్చింది. రాసినాయన పేరు లేదు, గుడ్లగూబ బొమ్మ ఉంది. కంప్యూటరు దీర్ఘాన్నీ సున్నానీ ఒత్తునీ విడివిడిగా లెక్కేస్తుందని వివరంగా చెప్పి, చివర "పలకరింపులు అక్కర్లేదు, ప్రశ్న రాస్తే చాలు" అన్నాడు. తాతయ్య వెంటనే కృతజ్ఞతలు రాశాడు. ఇక్కడ కృతజ్ఞతలు రాయకూడదని ఇంకెవరో తిట్టారు.

ఆ సాయంత్రం లిడియా చెప్పులు విప్పుతుండగానే ఎదురెళ్ళాడు.

"అమ్మాయ్, ఇవాళ ఒకాయనతో మాట్లాడానే."

"ఎవరితో నాన్నా?"

"గుడ్లగూబతో."

లిడియా చేతి వెనకవైపు ఆయన నుదుటికి ఆనించి చూసింది. నర్సు కదా.

ఇక రోజుకొక ప్రశ్న. రెండు మాత్రం అడిగేవాడు కాదు, రేపటికి మిగలాలిగా. పేర్లని అక్షర క్రమంలో పెట్టడమెలా? ఫోటోని చిన్నది చెయ్యడమెలా? ఒక పట్టికలోంచి రేపల్లె వాళ్ళని మాత్రమే ఏరడమెలా? కొన్నిటికి జవాబు ఆయనకి ముందే తెలుసు. అయినా అడిగి, చెక్క కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని, ఎవరొస్తారా అని చూసేవాడు. జవాబు చెప్పినవాళ్ళు వీధి గుమ్మంలోంచే చెప్పి వెళ్ళిపోయే చుట్టాల్లాంటివాళ్ళు. కూర్చోమన్నా కూర్చోరు.

ఏటా నవంబరు చివరి ఆదివారం తెనాలి, బాపట్ల, రేపల్లె సంఘాలు కలిసి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటాయి. ఆ ఏడాది ప్రభువులో నిద్రించినవాళ్ళ ఫోటోలు తెరమీద ఒక్కొక్కటే వేసి, పేరు చదువుతారు. పేరు విన్న కుటుంబం లేచి నిలబడుతుంది. ఈసారి ఆ ఫోటోల పని తనకిమ్మని తాతయ్య అడిగి మరీ తీసుకున్నాడు. వాటిలో అమ్మమ్మది కూడా ఉంది మరి.

అమ్మమ్మకి ఫోటోలంటే పడేది కాదు. కెమెరా కనిపిస్తే ముఖం గంటు పెట్టుకునేది. ఆవిడ నవ్వుతున్న ఫోటో లోకంలో ఒక్కటే ఉంది. వాడరేవులో తాతయ్య ఫోన్ పట్టుకుని సర్దుకుంటుండగా అల వచ్చి ఆయన ఎడమకాలి చెప్పు పట్టుకుపోయింది. అమ్మమ్మ పడీపడీ నవ్వింది. ఈయన కంగారులో నొక్కేశాడు. ఆ ఫోన్ తర్వాత నీళ్ళ బకెట్లో పడి పోయింది గానీ, ఫోటో అప్పటికే ల్యాప్‌టాప్‌లోకి చేరింది కాబట్టి బతికింది.

మూడు ఊళ్ళ నుంచీ నలభై మూడు ఫోటోలు చేరాయి. వాటితోపాటు పేర్ల పట్టిక. సంఘం పుస్తకాల్లో ఇంటిపేర్లు రాయరు. పేరు రాసి, పక్కన బ్రాకెట్లో ఊరు రాస్తారు. తాతయ్య రాసిన ప్రోగ్రాం ఒక్కో పేరూ తీసుకుని, దాని ఫోటోని తెరకి సరిపోయేలా మార్చి, ఆ పేరుతోనే కొత్త చోట దాచి, పాతదాన్ని తీసేస్తుంది. ల్యాప్‌టాప్‌లో చోటు చాలక ఆ తీసేసే ఏర్పాటు. రెండు వారాల్లో అంతా సిద్ధమైంది. చక్కగా నడిచేలాగే ఉంది. ఇంకేం మిగల్లేదు.

అదే వచ్చింది చిక్కు. ఇంకేం మిగలకపోతే రేపు అడగడానికి ఏముంటుంది?

మర్నాడు పొద్దున అందరూ వెళ్ళాక పట్టికని అటూ ఇటూ చూసి, ఒక వంక కనిపెట్టాడు. పేర్ల వెనక ఈ బ్రాకెట్లు తోకల్లా వేలాడుతున్నాయి, బాగోలేదు. అడిగాడు: "పేరులో బ్రాకెట్టూ, దాని లోపలున్నదీ తీసేయడం ఎలా?" గుడ్లగూబ నిమిషంలో ఒక్క వరుస రాసిచ్చాడు. తాతయ్యకి కాస్త నిరాశే. ఒక్క నిమిషమేనా? అయినా ఇచ్చినదాన్ని గౌరవించాలని ప్రోగ్రాంలో పెట్టి, నడిపించి, టీ పెట్టుకోవడానికి లేచాడు.

వచ్చి చూస్తే ఫోటోలు నలభై రెండే ఉన్నాయి.

కాంతమ్మ అనే పేరు మీద నొక్కాడు. బుగ్గల మనిషి ఒకావిడ, నీలం చీరలో, బైబిలు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. రేపల్లె కాంతమ్మ. తెనాలి కాంతమ్మ ఎక్కడా లేదు. బ్రాకెట్లు పోయాక ఇద్దరి పేరూ ఒక్కటే అయింది. పట్టికలో ముందున్న ఆవిడ మీద వెనకున్న ఆవిడ వచ్చి కూర్చుంది. చేత్తో రాసే పుస్తకంలో ఒకే పేరు పది గీతల మీద పదిసార్లు రాసినా, ఏదీ ఇంకోదాన్ని చెరపదు. ఆయన చేతికి ఆ అలవాటే ఉంది. అలవాటు ఆయన్ని ముంచింది.

టీ చల్లారింది. ఆ రోజు ఆయన నియమం తప్పి రెండో ప్రశ్న అడిగాడు. పైన ఇంకోటి పడి చెరిగిపోయిన ఫోటోని వెనక్కి తెచ్చుకునే దారుందా? ఈసారి గుడ్లగూబ రాలేదు. ఇంకెవరో వచ్చి, ఈ ప్రశ్న ఇంతకుముందే అడిగారని ప్రశ్నకి తాళం వేసి వెళ్ళిపోయారు.

"నా కాంతమ్మ గురించి ఇంతకుముందు అడిగినవాడెవడయ్యా?" అని తాతయ్య తెరమీద అరిచాడు.

ఆ పాత ప్రశ్న కింద ఉన్న జవాబులన్నీ చదివాడు. అందరూ ఒకటే అడుగుతున్నారు, ఇంకో నకలు దాచుకోలేదా అని. ఆయన దాచుకోలేదు. లిడియా ఆసుపత్రి కంప్యూటర్లు చూసే అతనికి కూడా ల్యాప్‌టాప్ చూపించింది. తీసేసిన చోట వేరే ఫోటోలు వచ్చి కూర్చున్నాయండి, లాభం లేదన్నాడు.

నాలుగు రోజులు ఆయన ఆ నీలం చీర ఫోటో తెరిచి, ఊరికే కోపంగా చూస్తూ కూర్చున్నాడు. ఐదో రోజు ఒకటి గుర్తొచ్చింది. బాపట్లలో స్త్రీల సమాజం సభలకి వెళ్ళొచ్చినప్పుడల్లా అమ్మమ్మ రేపల్లె కాంతమ్మ కబుర్లు చెప్పేది. ఆ ఇంట్లో ఏదైనా ఫోటో ఉండొచ్చు. కూడికకి ఇంకా మూడు రోజులుంది. రేపల్లె ప్యాసింజర్ ఎక్కాడు.

రేపల్లె కాంతమ్మ భర్త ఎజ్రా. రైసుమిల్లులో బస్తాలు మోసి మోసి నడుం వంగిన మనిషి. గుమ్మంలో తాతయ్యని చూసి నులకమంచం వాల్చాడు.

"వందనాలన్నయ్యా. తెనాలి నుంచి నా కోసం వచ్చావా?"

"వందనాలు. నీ కోసం కాదు తమ్ముడూ, నా భార్య కోసం వచ్చాను" అని తాతయ్య జరిగింది చెప్పాడు. కొంత కోపం గొంతులో మిగిలే ఉంది. మీ ఆవిడ మా ఆవిడని మింగేసింది అన్నాడు.

ఎజ్రా ఆలోచించాడు. "మా ఆవిడ తిండి మనిషే గానీ, మనుషుల్ని మింగే రకం కాదన్నయ్యా."

తాతయ్యకి నవ్వొచ్చింది. నాలుగు రోజుల తర్వాత అది మొదటిది. ఇదిగో చూడు అని ల్యాప్‌టాప్ తెరిచి నీలం చీర ఫోటో చూపించాడు. ఎజ్రా దగ్గరికి వంగాడు.

"ఇదెక్కడిది?"

"మీ పాస్టరుగారు పంపారు."

"ఆసుపత్రికి పోయే ముందు ఆదివారం కట్టిన చీర ఇది. ఫోటో తీశారని నాకెవరూ చెప్పలా." వేలు తెరకి తగిలిస్తే ఏమవుతుందోనని గాల్లోనే ఆపాడు. "ఇది కూడా చెరిగిపోద్దా?"

"పోనివ్వను" అన్నాడు తాతయ్య. అక్కడే కూర్చుని ఆ ఫోటోని ఇంకో రెండు చోట్ల దాచాడు. తర్వాత ఇద్దరూ స్టేషను దగ్గర స్టూడియోకి నడిచి, ఎజ్రా కోసం ఆ ఫోటోని కాగితం మీద అచ్చు వేయించారు. ఎజ్రా ఫోన్లో మాటలు తప్ప బొమ్మలు రావు.

ఎజ్రా ఇంటి గోడమీద నిజంగానే ఒక ఫోటో ఉంది. బాపట్ల సభలప్పుడు తీసింది. ముప్పై మంది ఆడవాళ్ళు మూడు వరుసల్లో ఉన్నారు. రెండో వరుసలో ఇద్దరు కాంతమ్మలూ పక్కపక్కనే. నీలం చీర ఆవిడ నవ్వుతోంది. అమ్మమ్మ మాత్రం ఎండ కళ్ళలో పడి, ఫోటో తీసేవాణ్ణి కొట్టేలా చూస్తోంది. ఆవిడ భుజం మీద రేపల్లె కాంతమ్మ చెయ్యి ఉంది.

తాతయ్య దాన్ని తన ఫోన్లోకి తీసుకుని, ఇంటికొచ్చి అమ్మమ్మ ముఖం వరకూ కత్తిరించాడు. ఎటు కత్తిరించినా ఆ చెయ్యి వస్తూనే ఉంది. చెయ్యి తీస్తే చెవి పోతోంది. గుడ్లగూబని అడిగాడు: "ఫోటోలో ఒకరి భుజం మీదున్న ఇంకొకరి చెయ్యి తీసేయడం ఎలా?" ఈసారి పెద్ద జవాబొచ్చింది, పద్దెనిమిది వరుసలు. నడిపించి చూశాడు. చెయ్యి మాయమైంది. భుజం నున్నగా, ఎవరూ ఎప్పుడూ తాకనట్టు వచ్చింది.

కాసేపు చూసి, ఆ పద్దెనిమిది వరుసలూ కొట్టేశాడు. బ్రాకెట్లు తీసేసిన ఆ పాత ఒక్క వరుస కూడా కొట్టేశాడు.

ఆదివారం తెరమీద "కాంతమ్మ (తెనాలి)" అని పడింది. చిట్లించిన కళ్ళతో అమ్మమ్మ అందరినీ గదమాయించింది. తాతయ్య, లిడియా, వినయ్ కుమార్ లేచారు.

"నాన్నా, భుజం మీద ఆ చెయ్యెవరిది?" అని లిడియా గుసగుసగా అడిగింది.

"ఉండు, వస్తోంది" అన్నాడు.

ఆఖరి వరుసల్లో "కాంతమ్మ (రేపల్లె)" అని పడింది. అవతలి పక్కన ఎజ్రా ఒక్కడే లేచి నిలబడ్డాడు. తాతయ్య మళ్ళీ లేవబోయి, బావుండదని కూర్చున్నాడు.

సోమవారం తొమ్మిదింటికి ఇల్లు ఖాళీ అయింది. ల్యాప్‌టాప్ తెరిస్తే గుడ్లగూబ రాసిన ఒక మాట ఉంది. ఇన్నాళ్ళలో అతను తాతయ్యని ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"పనిచేసిందా?"

తాతయ్య జాగ్రత్తగా, కొట్టివేతలు లేకుండా రాశాడు. "పనిచేసిందండి. కానీ వాడలేదు. చెయ్యి ఉండనిచ్చాను. కృతజ్ఞతలు."

కృతజ్ఞతలు రాయకూడదని ఎవరైనా వచ్చి తిడతారేమోనని, కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నాడు. హాట్‌ప్యాక్ తెరిచే వేళ దాటిపోయింది. ఎవరూ తిట్టలేదు.