లిఫ్టు తలుపు మీద టేకు పలక

2022 వేసవి. ఫిల్మ్‌నగర్‌లో గుట్ట వాలు మీద కట్టిన నాలుగంతస్తుల ఇల్లు. యజమాని కృష్ణమోహన్ గారు సినిమా డిస్ట్రిబ్యూటర్, భీమవరం వైపు మనిషి. ఆ ఇంటి లిఫ్టు సర్వీసు నాది. పాతికేళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. ఆ ఇల్లు విసిగించినంతగా ఇంకే ఇల్లూ నన్ను విసిగించలేదు.

నేను చేరిన కొత్తలో లిఫ్టు ప్రమాదంలో ఎవరైనా పోయారంటే ఎక్కువగా మా మెకానిక్‌లే. లెక్కలు నా దగ్గర లేవు, పోయిన స్నేహితులు గుర్తున్నారు. తర్వాత సేఫ్టీ బెల్టులు వచ్చాయి, మేం లిఫ్టు కింద ఉండే గుంటలోకి దిగినప్పుడు లిఫ్టు కదలకుండా ఆపే స్విచ్‌లు వచ్చాయి. మావాళ్లు పోవడం తగ్గింది. ఈలోగా ఈ గుట్టల మీద ఇంటింటికీ లిఫ్టు వచ్చింది. ఇప్పుడు పోతున్నది ఆ ఇళ్లలో తిరిగేవాళ్లు. పిల్లలు, పెద్దవాళ్లు, పనివాళ్లు. పేపర్లో మాత్రం అప్పుడూ ఇప్పుడూ అదే మాట: 'ప్రమాదవశాత్తు'. ఆ మాట చదివితే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ ఇంట్లో హాలు రెండో అంతస్తులో ఉంది. కొత్తగా గోడలన్నిటికీ టేకు పలకలు వేయించారు. లిఫ్టు తలుపొక్కటే ఇనుముగా కనిపిస్తోందని దానికీ ఒక పలక బిగించారు. ఆ బరువుకి తలుపు కిందికి జారింది. మా లిఫ్టుల్లో డోర్ ఇంటర్‌లాక్ అని ఉంటుంది. లిఫ్టు ఆ అంతస్తుకి వస్తే తప్ప తలుపు తెరుచుకోదు, తలుపు సరిగ్గా పడితే తప్ప లిఫ్టు కదలదు. జారిన తలుపుకి లాక్ అందడం లేదు, లిఫ్టు మాటిమాటికీ ఆగిపోతోంది. దాంతో ఎవరినో పిలిపించి లాక్‌లోని రెండు వైర్లూ కలిపేయించారు. దీన్ని మేం బైపాస్ అంటాం. ఇక తలుపు పడినా పడకపోయినా లిఫ్టు తిరుగుతుంది. లాక్ పడదు కాబట్టి లిఫ్టు ఎక్కడున్నా ఆ తలుపు లాగితే వచ్చేస్తుంది. లోపల లిఫ్టు ఉందో లేదో చూసుకోవడానికి తలుపులో సన్నటి అద్దం ఉండేది, అదీ పలక కిందే పోయింది.

"పలక తీసెయ్యాలండీ," అన్నాను.

కృష్ణమోహన్ గారి భార్య వసుంధర గారు నన్ను వింతగా చూశారు. "ఇంత ఖర్చు పెట్టి చేయించిన హాల్లో ఆ ఒక్క తలుపూ బోడిగా ఉంటే ఏం బావుంటుందండీ? లాకే ఏదో ఒకటి చెయ్యండి."

"లాక్ బాగానే ఉందండీ. బరువే..."

"డేవిడ్ గారూ, ఇంజినీర్ మీరు. నన్నడుగుతారేంటి?"

వైర్లు విడదీసి, తలుపు బందులు బిగించి వచ్చేశాను. రెండు వారాలకు మళ్లీ వెళ్లేసరికి వైర్లు మళ్లీ కలిపి ఉన్నాయి. ఈసారి లిఫ్టు మెయిన్ స్విచ్ ఆపేశాను. పలక తీసేదాకా నడపనన్నాను. కృష్ణమోహన్ గారు నాతో మాట్లాడకుండా నేరుగా మా మేనేజర్‌కి ఫోన్ చేశారు. మేనేజర్ నాకు చేశాడు.

"జర అడ్జస్ట్ చెయ్యన్నా. పెద్ద కస్టమర్."

"ఎవరైనా పడితే?"

"చూస్కుంట అంటున్నడు కద!"

ఫోన్ పెట్టేసరికి యాదమ్మ మెట్ల మీద కూర్చుని మోకాళ్లు ఒత్తుకుంటోంది. ఆ ఇంట్లో తొమ్మిదేళ్లుగా పని చేస్తోంది. "లిఫ్టు మల్ల బంద్ చేసిన్రా సారూ? పొద్దుగాల్నుంచి ఎక్కుడు దిగుడే. జర చాలూ చెయ్యరాదు."

"తలుపు తెరుచుకుంది కదా అని అడుగు పెట్టకు యాదమ్మా. లోపల లిఫ్టు ఉండకపోవచ్చు."

"నాకు కండ్లు లేవా సారూ?" అని నవ్వింది.

నేను నడపనన్న లిఫ్టుని మర్నాడు బయటి మెకానిక్ వచ్చి నడిపించి వెళ్లాడు.

నెల తిరక్కుండా పోలీసుల దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆరోజు యాదమ్మ హాల్లో కర్టెన్లు విప్పి, ఉతకడానికి డాబా మీదికి తీసుకెళ్తోంది. రెండు చేతుల నిండా గుడ్డలు, గడ్డం దాకా ఎత్తుగా. వేళ్లతో తలుపు లాగింది. వచ్చింది. అడుగు పెట్టింది. లిఫ్టు పైన డాబా దగ్గర ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే ప్రాణం పోయింది.

ఎస్సై, యజమాని, మేనేజర్, అందరూ హాల్లోనే ఉన్నారు. కృష్ణమోహన్ గారు నిజంగానే ఏడ్చారు. ఏడుస్తూనే, "చూసుకోవాలి కదండీ, రోజూ ఎక్కే లిఫ్టే కదా!" అన్నారు. మేనేజర్ తలూపాడు. ఎస్సై కూడా, "కర్టెన్లు అడ్డమొచ్చినయి, చూస్కోలే," అన్నాడు. ఆ గదిలో ఎవరి నోట విన్నా ఆమె కళ్ల గురించే.

యాదమ్మ కూతురు స్వప్న టోలిచౌకిలో బట్టల షాపులో పని చేస్తుంది. అప్పటిదాకా గోడ పక్కన నిలబడి ఉంది. నా దగ్గరికి వచ్చి, "లిఫ్టు పైననే ఉండె కద సారూ, మరి తలుపెట్ల వచ్చింది?" అని అడిగింది.

అందరి ముందూ చెప్పాను. పలక, బరువు, లాక్, కలిపిన వైర్లు, నేను ఆపిన రోజు, వాళ్లు నడిపించిన రోజు. మేనేజర్ నా చెయ్యి పట్టుకుని లాగుతూనే ఉన్నాడు. వసుంధర గారు లోపలికి వెళ్లిపోయారు.

స్వప్న పట్టుబట్టి, 'ప్రమాదవశాత్తు' అన్న మాట దగ్గరే ఆగకుండా నిర్లక్ష్యం కింద కేసు పెట్టించింది. నేను సాక్షిని. ఆ ఉద్యోగం నాకు మిగల్లేదు. ఇప్పుడు ఇంకో కంపెనీలో అదే పని చేస్తున్నాను. కేసు ఇంకా నడుస్తోంది.

చూసుకోమని చెప్పడం జాగ్రత్త కిందికి రాదని నాకు అప్పుడే పూర్తిగా అర్థమైంది. మనిషి ఎప్పుడో ఒకసారి చూసుకోడు. చేతిలో బరువుంటుంది, ఫోన్ మోగుతుంది, పిల్లాడు ఏడుస్తాడు. ఆ ఒక్క క్షణం కోసమే లాక్ పెట్టారు. దాన్ని తీసేసి మనిషి కళ్ల మీద భారం వేస్తే, ఆ మనిషి పడే రోజు కోసం ఎదురుచూస్తున్నట్టే.

మొన్న బంజారాహిల్స్‌లో ఒక ఇంట్లో మళ్లీ అవే వైర్లు కనిపించాయి. ఆపేశాను. ఇంటాయనకి కోపమొచ్చింది. "మీ కంపెనీ వాళ్లకి అంతా భయమేనండీ. దీనివల్ల ఇప్పటిదాకా ఎవరికైనా ఏమైనా అయిందా?"

"అయిందండీ," అన్నాను. "ఆమె పేరు యాదమ్మ."