రేపల్లెలో మెయిన్ దించిన రోజు

సూర్యలంక వెంకయ్య పడవ మీద చేపల వేటకు వెళ్తాడు. భార్య పేరమ్మ ఆ చేపల్ని బాపట్లలో అమ్ముతుంది. మీ అమ్మాయి దేవిక ఏం చేస్తుందని అడిగితే పేరమ్మ తట్ట దించి మరీ చెబుతుంది: "కంప్యూటర్లకి వైద్యం చేస్తదండి."

ఆ మాటలో తప్పేమీ లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో జ్ఞానానందం డాక్టరుగారికి రక్తపరీక్షల ల్యాబులున్నాయి. ఒక్కోచోట ఒక్కో యూనిక్స్ సర్వరు. జనం షుగరు, థైరాయిడు రిపోర్టులన్నీ వాటిలోనే ఉంటాయి. మూడింటినీ చూసుకునేది దేవికే.

ఆమె పని గురించి చాలాసార్లు అడిగి చెప్పించుకున్నాను. అర్థం కాక మళ్ళీ అడిగినా విసుక్కోదు. సర్వరును నడిపే యూనిక్స్‌కు కొత్త వెర్షన్ ఎక్కించాలంటే మొదట్లో సీడీ సంచిలో వేసుకుని బస్సెక్కేది. సర్వరు అడిగే ప్రతి ప్రశ్నకూ పక్కన కూర్చుని జవాబు నొక్కాలి. ఆ పూట ల్యాబు మూతే. పరగడుపున వచ్చినవాళ్ళు ఉసూరుమంటూ వెనక్కి పోయేవారు. అది చూడలేక రెండేళ్ళు తంటాలు పడి, ఆ ప్రశ్నలన్నిటికీ ముందే జవాబులు ఒక ఫైల్లో రాసిపెట్టింది. ఇప్పుడు తెనాలిలో కూర్చుని మొదలుపెడితే చాలు, నెట్‌వర్క్ మీదుగా మిగతా ఊళ్ళ సర్వర్లు తమంతట తామే కొత్త వెర్షన్ ఎక్కించుకుంటాయి. ఇంకో పట్టుదల కూడా ఉంది ఆమెకు. సర్వరు నడుస్తున్న డిస్కు జోలికి పోదు. అదే సర్వరులో పెట్టిన రెండో డిస్కు మీద కొత్తది సిద్ధం చేసి, అంతా సరిచూశాకే దాని మీదికి మారుస్తుంది.

"ఇంత చుట్టుతిరుగుడు ఎందుకమ్మా?" అన్నారు డాక్టరుగారు. ఈ పనంతా మాకిచ్చేయండని హైదరాబాదు కంపెనీ ఒకటి ఆయన్ని అడుగుతోంది. మూడు ఊళ్ళ సర్వర్లూ మార్చి చూపించడానికి ఆయన దేవికకు ఒక ఆదివారం ఇచ్చారు. "ఒక్క రిపోర్టు పోయినా సోమవారం వాళ్ళని పిలిచేస్తా."

మే నెల. మధ్యాహ్నానికి తెనాలి, బాపట్ల సర్వర్లు మారిపోయాయి. రేపల్లెది సగం దాటాక ఉన్నట్టుండి ఆగింది. డాక్టరుగారు పక్కనే కుర్చీలో ఉన్నారు. దేవిక రేపల్లె వాచ్‌మన్‌కు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"ముత్తయ్య బాబాయ్, కరెంటు పోయిందా?"

"పోలేదమ్మా, నేనే మెయిన్ దించా. ఇక్కడ ఒకటే ఉరుములు! పెట్టెలు కాలితే నన్నేగా తిట్టేది."

"మరి యూపీఎస్?"

"అది కుయ్యి కుయ్యిమని గోల పెడతంటే దాన్నీ ఆపేశా."

డాక్టరుగారు తల పట్టుకున్నారు. "ఇంకేముంది, అయిపోయింది."

"లేదండి," అంది దేవిక. మళ్ళీ ఫోన్లోకి, "మంచి పనే చేశావు బాబాయ్. నీకు ముందే చెప్పకపోవడం నా తప్పు. ఉరుములు తగ్గాక మెయిన్ ఎత్తు."

"కోపంగా ఉన్నావేంటి?"

"ఉన్నా. ముందు ఉరుములు తగ్గనీ."

నలభై నిమిషాలు డాక్టరుగారు వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. దేవిక కుర్చీలోంచి కదల్లేదు. కరెంటు రాగానే రేపల్లె సర్వరు పాత డిస్కు మీదనుంచే లేచింది. ఆమె అసలు ముట్టుకోని డిస్కు అది. ఆ ఉదయం రేపల్లెలో చేసిన పన్నెండు రిపోర్టులనూ డాక్టరుగారు ఒక్కొక్కటిగా తెరిపించి చదివారు. చివరిది నగరం అనే పక్కూరి నుంచి వచ్చిన అంకమ్మ షుగరు రిపోర్టు. అదీ ఉంది. దేవిక సగంలో చెడిన రెండో డిస్కును తుడిచేసి మళ్ళీ మొదటినుంచి ఎక్కించింది. అయిదింటికి మూడు ఊళ్ళూ కొత్త వెర్షన్ మీద నడుస్తున్నాయి.

"నేనైతే రెండో డిస్కు ఎందుకని ఆ పాతదాన్నే తుడిపించి ఎక్కించమనేవాణ్ణి," అన్నారు డాక్టరుగారు. తన ఫోన్ ఆమె ముందుకు జరిపారు. "ఆ హైదరాబాదు వాళ్ళ నంబరు ఇందులో ఉంది. నువ్వే మాట్లాడు."

"ఏమని చెప్పమంటారండి?"

"రావక్కర్లేదని."

దేవిక నవ్వలేదు. నంబరు నొక్కి, నిటారుగా కూర్చుంది.

"నమస్తే అండి. తెనాలి నుంచి మాట్లాడుతున్నా. సర్వర్లు చూసేది నేనేనండి."