విక్లో ఏట్లో నాగమణి కంచం

ఐదేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. వేరేవాళ్ళు నన్నన్న మాట కాదు, నేనన్నదే. మింగలేను, కక్కలేను. ఇంట్లో చెప్పే ధైర్యం లేక, నా ముఖం తెలియని మీకు చెబుతున్నాను. ఓదార్చనక్కర్లేదు, చివరిదాకా వింటే చాలు.

కరోనా వచ్చిన మొదటి వేసవి అది. ఐర్లండ్‌లో, డబ్లిన్‌లో చదువుకుంటూ టాలా అనే శివారులో ఒక అద్దె ఇంట్లో ఉండేదాన్ని. మొత్తం నలుగురం. హైదరాబాద్ నుంచి వచ్చిన శ్రావ్య, ఆమె స్నేహితురాలు హరిత, నేను, నాగమణి. నాగమణిదీ నాదీ రాయలసీమలో ఒకే ఊరు, ఒకే వీధి. ఊరి పేరు చెప్పను. చూశారా, ఇప్పుడు కూడా దాస్తున్నాను! మా అమ్మ, వాళ్ళమ్మ ఒకే పని చేసేవారు. పొద్దున్నే బంగారు అంగళ్ళ ముందు దుమ్ము ఊడ్చేవారు. కాలవలో బురద ఎత్తి, పళ్ళెంలో వేసి కడిగి, కంసాలుల చేతుల్లోంచి రాలిన బంగారు నలుసులు ఏరేవారు. ఆ నలుసులతోనే మేమిద్దరం చదువుకున్నాం.

నేను ఆ ఇంట్లో చేరిన రోజు శ్రావ్య "మీ డాడీ ఏం చేస్తరు?" అని అడిగింది. "బంగారు అంగడి ఉండేది" అన్నాను. ఎందుకన్నాను? ఆమె అడిగిన తీరులో వంకేమీ లేదు. నాన్న నాకు సరిగా గుర్తు కూడా లేడు. అమ్మ నేను ఇక్కడికి రాకముందే పోయింది. కాదనేవాళ్ళు లేరన్న ధీమా కాబోలు. కొన్ని నెలలకు నాగమణి వచ్చింది. నా అంగడి సంగతి శ్రావ్య నోటే విని, ఏమీ అనకుండా, తర్వాత వంటగదిలో నా చెయ్యి నొక్కి "నేను చెప్పన్లే" అంది.

కౌంటీ, అంటే జిల్లా, దాటి వెళ్ళొచ్చని ఆంక్షలు సడలించగానే శ్రావ్య కారు అద్దెకు తెచ్చింది. విక్లో కొండల్లో ఒకప్పుడు బంగారం దొరికిన ఏరు ఉందట, చూసొద్దామంది. రాథ్‌డ్రమ్ మీదుగా వెళ్ళాం. దారి పొడుగునా దొరల కాలపు ఊళ్ళు. ఒకే వెడల్పాటి వీధి, రాతి కోర్టు, చర్చి, పెద్ద బంగళా గేటు. ఆ బంగళాకి పనిచేసినవాళ్ళ ఇళ్ళు మాత్రం చిన్నచిన్నవి, వరుసగా ఒకే అచ్చు. శ్రావ్య ఫోన్‌లో చూసి చదువుతోంది. రెండు వందల ఏళ్ళ క్రితం చుట్టుపక్కల పేదలే ఏట్లో బంగారం కనిపెట్టారట. నాలుగు రోజులు ఏరుకున్నారో లేదో ఇంగ్లీషువాళ్ళ సైన్యం వచ్చి తరిమేసిందట. "పాపం, అచ్చం మనలాగే" అంది హరిత. నేనూ పాపం అన్నాను. ఆ జాలి నిజమైనదేనని మీతో ప్రమాణం చేసి చెప్పగలను. దాంతో నాకు ఖర్చేమీ లేదు మరి.

ఏటి ఒడ్డున పులిహోర తిన్నాక నాగమణి తన స్టీలు కంచం కడుక్కోవడానికి నీళ్ళలోకి దిగింది. అంతలో ఏమనుకుందో, రాయి పక్కన ఇసుక ఎత్తి కంచంలో పోసింది. వంచి, తిప్పి, పైనీళ్ళు వదిలి, మళ్ళీ తిప్పింది. తెల్ల ఇసుక పోయింది. నల్ల ఇసుక మిగిలింది. దాని అంచున ఆవగింజలో సగం లేదు, పచ్చగా ఒక నలుసు. తడి బొటనవేలితో అద్ది పైకెత్తింది. లాక్‌డౌన్ దిగులు నిండిన ఆ నెలల్లో ఆమె ముఖం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"అరే, ఇదంతా యాడ నేర్సినవే?" అంది శ్రావ్య.

"మాయమ్మ బంగారంగళ్ళ ముందర దుమ్ము ఊడ్చి కడుగుతా ఉన్నింది. నేనూ పోతాంటి."

హరిత చేతిలోని గ్లాసు కింద పెట్టింది. శ్రావ్య నావైపు తిరిగి, "మీది గదే ఊరు గదా, అంగడి గూడ ఉండె. నువ్వు చూసినవా ఇట్లాంటోళ్ళని?" అంది.

చూడలేదని చెప్పొచ్చు. చూశానని ఊరుకోవచ్చు. నేను అన్నది ఇది:

"చూడకేం. మా అంగడి ముందర వీళ్ళమ్మే ఊడ్చేది. లోపలికి రానిచ్చేవాళ్ళం కాదు."

నాగమణి నన్ను చూసింది. ఒక్క మాట చాలు ఆమెకి, నా అంగడి కూలిపోవడానికి. ఆ మాట అనలేదు. వంగి బొటనవేలు నీళ్ళలో ముంచి కడుక్కుంది. "పోదాం పాండి, వాన వచ్చేట్టుంది" అంది.

ఆ తర్వాతిది ఇంకా నీచం. నాగమణి ఒక వృద్ధుల ఆశ్రమంలో శుభ్రం చేసే పనికి వెళ్ళేది. మార్చి నుంచీ వెళ్తోంది, ఎవరికీ అభ్యంతరం లేదు. విక్లో నుంచి వచ్చిన రెండో రోజు హరితకు ఉన్నట్టుండి కరోనా భయం పట్టుకుంది. ప్రెస్‌లో, అంటే ఇక్కడి భాషలో వంటింటి అల్మరాలో, నాగమణి కంచం, గ్లాసు మాత్రం విడిగా ఉండాలంది. అది కరోనా గురించి కాదని నలుగురికీ తెలుసు. వాటిని తీసుకెళ్ళి ఆమె గది తలుపు ముందు పెట్టింది ఎవరో తెలుసా? నేను. నా చేతులతో. పైగా మాస్క్ కట్టుకుని.

రెండు వారాల్లో వెళ్ళిపోయింది. ఎవరూ గదులివ్వని రోజులవి. ఎక్కడికని నేను అడగలేదు. నా గుట్టు బయటపెట్టగల ఒకే ఒక్క మనిషి వెళ్ళిపోతోందని, ఆమె పెట్టె మెట్లు దిగుతుంటే, నాకు ఊరట కలిగింది. ఇన్నాళ్ళూ నన్ను తినేస్తున్నది ఆ ఊరటే. తర్వాత రెండుసార్లు మెసేజ్ రాసి, పంపకుండా చెరిపేశాను.

ఇప్పుడు డబ్లిన్‌లోనే, శాండీఫోర్డ్‌లో ఉంటున్నాను. మా ఆయనకీ ఆ బంగారు అంగడి కథే చెప్పాను. పోయిన నెల, ఆయనే ఏరికోరి, మమ్మల్ని ఆ ఏటికే తీసుకెళ్ళారు. మూడేళ్ళ మా పాప నీళ్ళలో ఆడుతూ తన ప్లాస్టిక్ పళ్ళెం నా చేతికిచ్చింది. ఇసుక పోశాను. నా ప్రమేయం లేకుండానే చేతులు వంచాయి, తిప్పాయి, వదిలాయి. నల్ల ఇసుక మిగిలింది. పచ్చ నలుసేమీ లేదు. పాప మాత్రం చప్పట్లు కొట్టి, "డూ ఇట్ అగెయిన్, మామీ" అంది.

"ఇదెక్కడ నేర్చుకున్నావ్?" అన్నారు ఆయన, నవ్వుతూ.

"ఏదో వీడియోలో చూశా" అన్నాను.

అందుకే ఇది రాస్తున్నాను. వీడియోలో చూడలేదు. మాకు అంగడి లేదు. కాలవ పక్కన మా అమ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. మా కంచంలోకి నీళ్ళు పోసింది నాగమణి వాళ్ళమ్మ.