కోర్టు సీన్ల లాయరు గారు

మొన్న ఫిలింనగర్‌లో ఒక కోర్టు సెట్టులో నల్లకోట్లు ఇస్త్రీ చేస్తుంటే, కొత్తగా చేరిన అమ్మాయి "అక్కా, నిజం కోర్టుల గూడ లాయర్లు గిట్లనే అరుస్తరా?" అని అడిగింది. నవ్వొచ్చింది. పదిహేనేళ్ల కిందట మా ఇంట్లో అందరం అదే అనుకున్నాం మరి.

అప్పుడు యూసుఫ్‌గూడలో ఉండేవాళ్లం. నేను కాస్ట్యూమ్స్‌లో అసిస్టెంటుని, మా అన్న సెట్లు కట్టే వడ్రంగి. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో పట్టపగలు నగలు పోతే, అంతకుముందు వారం అక్కడ అల్మారా బాగుచేసిన అన్నను పట్టుకెళ్లారు. గోడ దూకుతుంటే చూశానని వాచ్‌మన్ చెప్పాడు. నాకు భయమే వేయలేదు, ఎందుకంటే నగలు పోయిన ఆ మధ్యాహ్నం జనం చాలక, పెళ్లి ఊరేగింపు సీనులో అన్నకు నేనే తలపాగా చుట్టి నిలబెట్టాను. మర్నాడు ఎవరి బట్టలూ మారిపోకుండా ఫోటోలు తీసి అట్టపుస్తకంలో అతికించేవాళ్లం, మీలో ఆ పని చేసినవాళ్లకు తెలుసు. అందులో తేదీ రాసిన క్లాప్ పలక పక్కనే అన్న పళ్లికిలించి ఉన్నాడు.

లాయరుగా ఎవర్ని పెట్టుకోవాలో మేం ఆలోచించనే లేదు. కోర్టు సీన్లు తీసేటప్పుడు హీరో పక్కన నిలబడి ఎలా వాదించాలో నేర్పే ఒక పెద్దాయన ఉండేవారు, నిజం లాయరే. ఒకసారి ఆయన చేసి చూపిస్తే లైట్లవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. అంత గొంతున్న మనిషి ఒప్పుకుంటే గెలిచినట్టే అనుకున్నాం. కాగితాలూ ఫోటోలూ కవర్లో పెట్టి, లంగా నాడాతో ముడివేసి ఇచ్చాను.

వాచ్‌మన్ సాక్ష్యం చెప్పిన రోజు ఆయన లేచి, అడగాల్సిందేమీ లేదని కూర్చున్నారు. నేను లేవబోతే అమ్మ చెయ్యి పట్టి లాగింది. "కూసో. ఆయనకంటె నీకెక్కువ ఎర్కనా? ఆఖరికి తీస్తడు సూడు," అంది. బోనులోంచి అన్న కూడా ఆగమన్నట్టు కన్నుగీటాడు. సినిమా మనుషులం కదా, గుట్టును క్లైమాక్సు దాకా దాస్తున్నారని మా అందరి నమ్మకం. క్లైమాక్సు రాలేదు. మూడేళ్ల శిక్ష వచ్చింది.

కాగితాలు వెనక్కి తెచ్చుకుంటే నా ముడి నేను వేసినట్టే ఉంది. కోపం కన్నా ముందు ఆశ్చర్యం వేసింది. అంత బాగా మాట్లాడే మనిషి ఎందుకు మాట్లాడలేదు? బద్ధకమా, నిజం జడ్జి ముందు నోరు పెగలదా, ఎవరో రాసిచ్చిన డైలాగు లేకపోతే ఏమడగాలో తోచదా? శ్రీనగర్ కాలనీలో ఆయనింటికెళ్లి అడిగేశాను. "కొన్ని కేసులు అంతేనమ్మా," అన్నారు కాఫీ ఇప్పిస్తూ. ఏది అంతేనో నాకిప్పటికీ తెలియదు.

పై కోర్టుకు అప్పీలు పెట్టుకుంటే మాకు ఉచితంగా ఇచ్చిన లాయరమ్మ నాకంటే నాలుగేళ్లే పెద్దది, గొంతు పక్కవాళ్లకు కూడా వినబడదు. కూర్చోకముందే ముడి విప్పి, "ఇవి అక్కడెందుకు చూపించలేదు?" అంది. లాయరు ఉన్నా లేనట్టే జరిగిందని, వాచ్‌మన్‌ను మళ్లీ పిలిచి అడగమని కేసు కింది కోర్టుకు తిప్పి పంపారు. ఈసారి ఆమె నాలుగో ప్రశ్నకే, ఎండలో మొహం సరిగ్గా కనబడలేదని అతను ఒప్పుకున్నాడు. అన్న బయటికొచ్చేసరికి ఏడాదిన్నర పోయింది.

అంతకుముందు అన్న ఏ సినిమాకు పనిచేసినా భోజనాల దగ్గర ఆ కథ చెప్పి, సరిగ్గా ఆఖరి ఘట్టం ముందు ఆపేసేవాడు, బతిమాలితేగాని చెప్పేవాడు కాదు. ఇప్పుడు నా పిల్లలు కథ అడిగితే, అందరూ ఇంటికొస్తారని ముందే చెప్పేసి మొదలుపెడతాడు. కథ పాడుచేశావని వాళ్లు గోలపెడతారు. వాళ్లకు ఊరించే మేనమామ తెలియడు, నాకు ఆ అన్నే ఎక్కువగా గుర్తొస్తాడు.