ఆడవాళ్ళ తలుపు నుంచి వెళ్ళిన తేరు

మా ఊరి గుడికి రెండు తలుపులు. కుడి పక్కది మగవాళ్ళది, ఎడమ పక్కది మాది. మొగుడూ పెళ్ళాలైనా సరే, గడప దగ్గర విడిపోయి లోపల చెరో పక్కన కూర్చోవలసిందే. చుట్టుపక్కల ఊళ్ళలో, బొంగుల మీద భుజాలకెత్తుకునే మరియ తల్లి తేరు మగవాళ్ళ తలుపులోంచి బయటికొస్తుంది. మా ఊళ్ళో మాత్రం మా తలుపులోంచి వస్తుంది. ఎందుకని అడిగితే పెద్దలు "ఆనవాయితీ" అంటారు. తెలియనిదానికీ, చెప్పుకోవడానికి సిగ్గేసేదానికీ వాళ్ళ దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే.

గుడి స్వర్ణోత్సవానికి కొత్త ఫాదర్ పెద్దలను అడిగి మా విచారణ, అంటే ఈ గుడి కిందికొచ్చే ఊళ్ళ, చరిత్ర రాశారు. పండుగకు ముందు ఆదివారం పూజ అయ్యాక చదివి వినిపించారు. అమ్మను చూడడానికి పద్మారావు నగర్ నుంచి వచ్చిన నేనూ విన్నాను.

"పోలీసు చర్య జరిగిన సంవత్సరం గురువులు లేనందున వ్యాకుల మాత పండుగ జరగలేదు."

అమ్మ నా మోచేయి పట్టుకుంది. "జరగలేదంటడేంది బిడ్డా? మరి నేను మోసిందేంది?"

ఆ మాట అచ్చయిందంటే, అమ్మ బతికుండగానే అమ్మ చేసిన పని జరగనిదైపోతుంది. నేను లేచాను.

"ఫాదర్, ఆ ఏడు పండుగ జరిగింది. నేనున్నాను."

మగవాళ్ళ వైపు నుంచి పెద్దనాయన గొంతు లేచింది. ఆయన గుడి పెద్ద. "నువ్వప్పుడు ఇంతంత పోరివి. నీకేం యాదికుంటది? కూసో!"

"సరే పెద్దనాయనా, మీరే చెప్పండి. మన తేరు ఆడవాళ్ళ తలుపులకెళ్ళి ఎందుకు పోతది?"

"ఆనవాయితీ."

"ఎవరు పెట్టిండ్రు?"

పెద్దనాయన కండువా దులుపుకున్నాడు. ఫాదర్ కళ్ళజోడు తీసి ఆయన వంకే చూశారు. ఇక నేనే చెప్పాను.

ఆ ఏడు పండుగ వారం సికింద్రాబాదు వెళ్ళిన గురువులు, అంటే అప్పటి ఫాదర్, తిరిగి రాలేకపోయారు. రజాకార్లు వస్తున్నారని ఒకరు, సైన్యం వస్తోందని ఇంకొకరు చెబితే మా మగవాళ్ళంతా వెళ్ళి జొన్నచేలో కూర్చున్నారు. తప్పని నేననను, ప్రాణం ఎవరికైనా తీపే. కానీ పండుగ వద్దని చేలోంచే కబురు పంపారు చూడండి, అది అమ్మకు మండింది.

"మరియ తల్లి బిడ్డను శిలువేస్తుంటే మొగ శిష్యులు సుత గిట్లనే ఉరికిండ్రు. నిలబడ్డది ఆడోళ్ళే. లేవుండ్రి!"

ఆడవాళ్ళు తేరెత్తారు. అంతవరకు వెనక నడిచినవాళ్ళే తప్ప, ముందు నడిచినవాళ్ళు కారు. ఎటు వెళ్ళాలో ఎవరూ ఆలోచించలేదు. కాళ్ళు అలవాటుగా మా తలుపు వైపే తీసుకుపోయాయి. అలా తేరు ఎడమకు తిరిగి, ఊరంతా ఎదురు దిక్కున చుట్టింది. పెద్ద రోడ్డు మీద సిపాయిల బండి ఒకటి ఆగింది. ఏ సర్కారు సిపాయిలో మాకు తెలియదు. అమ్మ పాట ఆపలేదు. ఇంకా గట్టిగా అందుకుంది. బండిలో ఒకతను టోపీ తీశాడు. మేము దాటేదాకా బండి కదలలేదు.

మరుసటి ఏడు మగవాళ్ళు తేరు మోశారు, కానీ తలుపు మార్చడానికి మా వాళ్ళు ఒప్పుకోలేదు. తేరు వాళ్ళకిచ్చారు, తలుపు ఉంచుకున్నారు.

నేను కూర్చున్నాక కూడా గుడి సద్దుమణగలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్కొక్క ముసలామే లేచి "నేను సుత మోసిన", "నా భుజం కాయ గాసింది" అంటుంటే ఫాదర్ నవ్వు ఆపుకుంటూ పెద్దనాయనను అడిగారు, "మీరెక్కడున్నారప్పుడు?"

పెద్దనాయన గోడ వైపు చూశాడు. "చేన్ల," అన్నాడు.

పండుగనాడు ఫాదర్ దిద్దిన వాక్యం చదివారు: "ఆ సంవత్సరం గురువులు లేనప్పుడు పండుగను ఈ ఊరి స్త్రీలు జరిపించారు." తర్వాత తేరు దగ్గరికొచ్చిన కుర్రాళ్ళను పక్కకు జరగమన్నారు. ముందు బొంగు కింద అమ్మ భుజం పెట్టింది, నేను ఆమె వెనక. తేరు మా తలుపు దాటింది. మగవాళ్ళు కొవ్వొత్తులు పట్టుకుని వెనక నడిచారు.

"జెర మెల్లగ నడువుండ్రి!" అని అరిచాడు రొప్పుతూ పెద్దనాయన.

అమ్మ తల తిప్పకుండానే అంది, "ఆ జొన్నచేన్ల కాలనీ కట్టిండ్రు బావా! కూసుందామన్నా జాగ లేదు. నడువుండ్రి!"