మామ పొలంలో నేను తీసిన ఈగ ఫోటో

ఈగ వల్ల ఎక్కడైనా సంసారం మునుగుతుందా అని మీరు అడగొచ్చు. ఒట్టి ఈగతో మునగదు. తోడుగా నేనూ, నా మెడలో ఒక కెమెరా కూడా ఉండాలి.

ఎనభైల మొదట్లో హన్మకొండలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. ఫోటో చూసి ఏ ఈగ ఏ జాతిదో చెప్పేయగలనని నాకు గట్టి నమ్మకం. దానికి ఆధారం ఏమిటంటారా? పాఠ్యపుస్తకంలో మొదటి రెండు అధ్యాయాలు. ఈగను పట్టి, భూతద్దం కింద పెట్టి చూసే మా క్లాసువాళ్లంతా నా కంటికి పాతకాలం మనుషులు. స్నేహితుడిని బతిమాలి తెచ్చుకున్న కెమెరాను పెళ్లికొడుకు పూలదండలా వేసుకుని తిరిగేవాణ్ణి.

ఆ వానాకాలం రఘునాథపల్లి వైపు వరికి ఉల్లికోడు తగిలింది. దోమంత ఈగ గుడ్లు పెడుతుంది, దాని పురుగు మొవ్వులో దూరుతుంది. ఇక కంకి రావలసిన చోట ఉల్లికాడలాంటి గొట్టం వస్తుంది. మా మేనమామ రాజలింగం పొలం అక్కడే. అత్త కబురు పెట్టి పిలిపించింది.

"అల్లుడా, నువ్వు పురుగుల సదువే సదువుతున్నవ్ గద. జర మన పొలం జూడు బిడ్డా. మీ మామకు ఫికర్‌తోని అన్నం సయిస్తలేదు."

పొలానికి వెళ్లాను. బావి దగ్గర మోటరు కొట్టం పక్కన చిన్న చిన్న ఈగలు గుంపుగా ముసురుతున్నాయి. వరి ఆకు మీద వాలిన ఒకదాన్ని, బురదలో బోర్లా పడుకుని మరీ ఫోటో తీశాను.

హన్మకొండలో స్టూడియో ఆయన ఫిల్ము కడిగి నెత్తి గోక్కున్నాడు.

"పెండ్లిళ్ల ఫోటోలు కడిగిన, పీనుగుల ఫోటోలు కడిగిన. గీ ఈగ ఫోటో ఏంది సారూ?"

"క్యాలెండరంత పెద్దది చేసివ్వండి" అన్నాను.

గోరంతను కొండంత చేయడం సామెత అనుకునేవాణ్ణి. ఆయన చేసి చూపించాడు.

ఆ ఫోటో తీసుకెళ్లి మామ ఇంటి అరుగు మీద పరిచాను. "ఇదే ఉల్లికోడు ఈగ. పొలం దున్నేసి మళ్లీ నాటాల్సిందే."

"ఓ దేవుడా, గింత పెద్దగున్నదా!" అని అత్త గుండె పట్టుకుంది.

"పచ్చటి పొలం దున్నుడేందిరా?" అన్నాడు మామ.

"సైన్సు మామా!" అన్నాను. అంతకంటే నా దగ్గరేమీ లేదు మరి.

మామ కళ్లు తుడుచుకుని ట్రాక్టరు మాట్లాడటానికి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే గర్వంగా మా లెక్చరర్‌కు ఆ ఫోటో చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకున్నారు.

"పొలంలో ఉల్లికాడలు కనిపించాయా?"

"చూడలేదు సార్. ఫోటో ఉంది కదా!"

"నాయనా, ఉల్లికోడు ఈగ దోమలా సన్నగా, పొడుగు కాళ్లతో ఉంటుంది. ఇది పొట్టిగా, బొద్దుగా, తలంతా కళ్లే. పులిసిన కల్లు మీద ముసిరే ఈగ. వరి జోలికే రాదు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. దొరికిన బస్సెక్కాను. నేను పొలం చేరేసరికి ట్రాక్టరు గట్టు మీద గుర్రుగుర్రుమంటోంది. అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. ఇరుగుపొరుగు రైతులంతా ఓదార్పుకు వచ్చారు.

"ఆపండి! ఇది ఉల్లికోడు కాదు!" అని అరిచాను.

మామ పరుగున వచ్చి నన్ను వాటేసుకున్నాడు. "బతికించినవ్ అల్లుడా! మరి గిదేం ఈగరా?"

తనే అడిగాడు. ఈ సంగతి మీరు గుర్తుంచుకోవాలి.

"కల్లు ఈగ మామా! పులిసిన కల్లు ఉన్నచోటే ఉంటది!"

ట్రాక్టరు ఆగింది. నన్ను వాటేసుకున్న చేతులు జారిపోయాయి. అత్త నోట్లోంచి కొంగు తీసింది.

"మన పొలంకాడ కల్లెక్కడిది?"

అప్పుడు తెలిసింది, ఇక ముట్టనని మామ ఆ ఎండాకాలమే అత్త నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టేశాడని.

"పక్క పొలపోల్లది అయ్యుంటది" అని మామ గొణిగాడు.

అక్కడైనా నేను నోరు మూసుకోవాలా? కొత్త శాస్త్రవేత్త పొద్దెరగడు. "కాదు మామా, మన మోటరు కొట్టంలకెల్లే వస్తున్నయి. నేను కండ్లార జూసిన!"

అత్త కొట్టంలోకి వెళ్లి, ముంతతో బయటికి వచ్చింది.

"గిదేంది?"

"అది... ఎరువుల కలుపుదామని తెచ్చిన" అన్నాడు మామ.

రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చల్లగా జారుకున్నారు. అత్త ఆ ముంతను గట్టుకేసి కొట్టి, వెనక్కి తిరగకుండా పుట్టింటి దారి పట్టింది. ఆ పుట్టిల్లున్న మరిపెడకు బస్సెక్కి వెళ్లి ఆమెను తీసుకురావడానికి మామకు ఎన్ని దండాలు పట్టాయో ఆ దేవుడికే తెలియాలి.

ఆ సాయంత్రం గట్టు మీద కూలబడి మామ అన్న మాట మాత్రం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"ఉల్లికోడనే అనకపోయినవారా? పంట ఒక్కటే పోతుండె!"

అందుకే కెమెరా సాక్షిగా శపథం చేశాను. ఎవరు ఏ ఈగ ఫోటో చూపించినా, "రెక్కలున్నాయి, కాళ్లున్నాయి, ఈగే" అని మాత్రమే చెబుతాను. అది ఏం తాగి వచ్చిందో చచ్చినా చెప్పను.