కట్టు విప్పి చూపిన రోజులు

మా అన్న అమ్మబోయే భూమి మీద చెప్పులతో నడిచేవాడు కాదు. అత్వెల్లిలో మా పొలాలు కొంత అమ్మి, కొంత ప్లాట్లు చేసి, ఆ తరువాత ఇతరుల భూములు అమ్మిపెట్టడమే పనిగా పెట్టుకున్నాక కూడా ఆ అలవాటు మానలేదు. కొనేవాళ్లు కారు దిగి బూట్లతో వెనక వస్తుంటే, ఈయన గట్టు దగ్గర చెప్పులు వదిలి హద్దురాళ్ల వెంట ముందు నడిచేవాడు. భూమి చేతులు మారేటప్పుడు ఆ మాత్రం మర్యాద ఉండాలనేవాడు.

చాలా ఏళ్లుగా షుగరు ఉన్న మనిషి. పాదాలకు స్పర్శ ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. ఒక ఎండాకాలం సాయంత్రం ఆయన ఇంటికి వచ్చాక హాల్లో తెల్లబండల మీద ఎర్రటి మరకలు కనిపించాయి. ఎవరో పాన్ ఉమ్మారనుకుని మా వదిన గొణుక్కుంటూ తుడవబోయింది. ఆ మరకలు అన్న కూర్చున్న కుర్చీ దగ్గరికి వెళ్లి ఆగాయి. కుడి అరికాలిలో, బొటనవేలి మొదట్లో, హద్దురాయి పెచ్చు ఒకటి దిగి ఉంది. ఆయన పేపరు చదువుకుంటున్నాడు.

పెచ్చు తీశారు కానీ పుండు మానలేదు. లోపలికి పోయింది. కాలికి రక్తం సరిగా అందడం లేదని, జాగ్రత్తగా చూసుకోకపోతే కాలు తీయవలసి వస్తుందని డాక్టరు మొదట్లోనే చెప్పాడు. పాదం నేల మీద ఆనకూడదు, పుండు తెరిచి ఉండకూడదు, షుగరు అదుపులో ఉండాలి. వినడానికి చిన్న పనుల్లాగే ఉంటాయి.

నేను ఒక దినపత్రికలో మొదట విలేకరిగా, తరువాత డెస్కు మీద చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. బౌరంపేట్ వైపు ఫ్లాట్‌లో ఉంటున్నాను. ఆ రోజుల్లో మధ్యాహ్నం భోజనం కాగానే స్కూటరు మీద గండిమైసమ్మ చౌరస్తా దాటి అత్వెల్లి వెళ్లి, చీకటి పడేదాకా అన్న దగ్గర కూర్చునేవాణ్ని. అలా కట్టు కట్టడం రోజూ చూశాను.

కట్టు కట్టడానికి ఒక నర్సు వచ్చేది. మేడ్చల్‌లో ఒక ఆస్పత్రిలో ఉద్యోగం. గోదావరి వైపు నుంచి వచ్చి అక్కడి కొత్త కాలనీలో భర్తతో ఉంటోంది. డ్యూటీ అయ్యాక మా ఇంటికి వచ్చేది. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, తువ్వాలుతో కాకుండా గాలికి ఆరనిచ్చేది. మంచం పక్కన కాసేపు ఊరికే కూర్చునేది. నిద్ర పట్టిందా, విరేచనం అయిందా, ఏమైనా బెంగగా ఉందా అని అడిగేది. మొదట్లో అన్న దీన్ని కాలయాపన అనుకున్నాడు. కాలు చూడక ఈ ముచ్చట్లేందని వదినతో అన్నాడు. ఆ అమ్మాయి విని, మంచం మీద కాలొక్కటే లేదు కదండీ అని ఊరుకుంది.

ఆ తరువాత పాత కట్టు విప్పేది. దానికి అంటిన తడి రంగు చూసేది, వాసన చూసేది. సెలైను నీళ్లతో పుండు నడిమి నుంచి అంచుల వైపు తుడిచేది. ఒకసారి తుడిచిన గుడ్డ మళ్లీ పుండుకు తగిలేది కాదు. పొడవు, వెడల్పు, లోతు కొలిచేది. ఇన్సులిన్ ఇచ్చేముందు మందు సీసా మీది పేరు పైకి చదివేది, ఎంత ఎక్కించిందో వెలుతురులో పట్టి చూసేది. చివరికి ప్రతిరోజూ, రోజూ చూసే మనిషినే, పేరు చెప్పమని అడిగేది. అది వాళ్లకు నేర్పిన పద్ధతి. మందు వేరొకరికి పోకుండా.

ఇది అన్నకు పెద్ద వినోదం.

"బాబాయ్ గారూ, పేరు చెప్పండి."

"నా పేరు మేడ్చల్ మండలమంత తెలుసు, నీకొక్కదానికే తెల్వదా బిడ్డా?"

"నాకు తెలుసండీ. సూదికి తెలీదు."

అన్న ఒకరోజు ముఖ్యమంత్రి పేరు చెప్పేవాడు, ఒకరోజు తనకు పడని దాయాది పేరు. వాడికైతే రెండింతలు ఎక్కియ్యి అనేవాడు. ఆయన అసలు పేరు చెప్పేదాకా ఆమె సూది పట్టుకుని నిలబడేది. ముఖంలో నవ్వూ ఉండేది కాదు, విసుగూ ఉండేది కాదు.

మా వైపు మనిషి మంచాన పడితే ఊరంతా చూడటానికి వస్తుంది. రాకపోతే తప్పు. అన్న ఒకప్పుడు సర్పంచిగా చేసినవాడు, పంచాయతీలు చెప్పినవాడు, భూములు అమ్మిపెట్టినవాడు. మేడ్చల్ నుంచి, శామీర్‌పేట నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగి, "ఏదీ, చూపియ్" అనేవాళ్లు. చూడకుండా వెళ్తే పరామర్శ పూర్తయినట్టు కాదు. అన్న కాలు చాపేవాడు. వదిన కట్టు విప్పేది. వాళ్లు వంగి చూసి, అయ్యో అని, తమ మేనత్తకో వియ్యంకుడికో అయిన పుండు సంగతి చెప్పి, చాయ్ తాగి వెళ్లేవాళ్లు. అదే గుడ్డ మళ్లీ చుట్టేది వదిన. సాయంత్రం నర్సు వచ్చేసరికి కట్టు ముడి తాను వేసిన ముడి కాదని ఆమెకు తెలిసిపోయేది.

చాయ్ ఇంకో కష్టం. వచ్చినవాళ్లకు చాయ్ ఇచ్చి తాను ఊరుకుంటే బాగుండదని అన్న ప్రతిసారీ తోడు తాగేవాడు. ఒకరోజు నర్సు భోజనానికి ముందు ఇన్సులిన్ ఇచ్చి, వెంటనే తినిపించమని చెప్పి, పక్కవీధిలో మరో మనిషిని చూడటానికి వెళ్లింది. అప్పుడే ఎవరో వచ్చారు. వాళ్ల ఎదుట తానొక్కడే ఎట్లా తినడమని అన్న పళ్లెం వద్దన్నాడు. వాళ్లు లేవలేదు. కాసేపటికి ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది, చేతులు వణికాయి, మాట తడబడింది. నర్సు తిరిగి వచ్చి చక్కెర నీళ్లు తాగిస్తుంటే, వచ్చినవాళ్లు గోడకు ఆనుకుని నిలబడిపోయారు.

ఆమె వదినను కోప్పడలేదు. రెండు ఫ్లాస్కులు పెట్టించింది, ఒకటి వచ్చినవాళ్లకు, ఒకటి అన్నకు చక్కెర లేని చాయ్. తన ఫోన్లో పుండు ఫోటో తీసి నా ఫోన్‌కు, వదిన ఫోన్‌కు పంపింది. ఎవరైనా అడిగితే ఇది చూపించండి అంది. కొన్నాళ్లు అలాగే నడిచింది. జనం ఫోన్ అందుకుని, వేళ్లతో పెద్దది చేసి చూసి, పక్కవాడికి ఇచ్చేవాళ్లు. వాళ్లు ఫోటో చూసినంతసేపూ అన్న వాళ్ల ముఖాలే చూసేవాడు. కానీ ముడి మళ్లీ మారడం మొదలైంది.

వదినను అడిగాను. ఆయనే విప్పమంటున్నాడని, కాదంటే తానే విప్పుకుంటున్నాడని చెప్పింది. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను అన్న దగ్గరికి వెళ్లి, కాలు పోగొట్టుకుంటావా అని కాస్త గట్టిగానే అడిగాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"తమ్మీ, నాకు నొప్పి లేదు. నా కాలి కింద ఏమున్నదో నాకు కనవడదు. నువ్వు చూస్తవ్, మీ వదిన చూస్తది, గా పిల్ల చూస్తది. ఎవ్వలూ నిజం చెప్పరు. గా పిల్ల మొకం జూస్తె ఏం తెలుస్తది? గోడ లెక్క ఉంటది. వొచ్చినోళ్లకు చూపిస్తె, వాళ్ల మొకం మీద కనవడ్తది. నిన్న ఆ ముసలామె కొంగు అడ్డం పెట్టుకున్నది. అంటె వాసనొస్తున్నదన్నట్టు. గట్ల తెలుసుకుంటున్న."

నేను సాయంత్రం ఆ మాట నర్సుతో చెప్పాను. ఆమె సర్దిన సంచినే మళ్లీ సర్దింది. రోగి ఎదుట ముఖం మార్చుకోకూడదని మాకు మొదటి సంవత్సరంలోనే నేర్పుతారండీ అంది. మర్నాడు ఒక అద్దం తెచ్చింది, గడ్డం గీసుకునేవాళ్లు వాడే చిన్న గుండ్రటి అద్దం. కట్టు విప్పాక దాన్ని పాదం కింద పట్టుకుని, ఆయన తలకింద దిండు ఎత్తు చేసింది.

అన్న తన పుండును మొదటిసారి చూశాడు. ఏదో ప్లాటు నక్షా చూస్తున్నట్టు చూశాడు. అంచులు ఎందుకు తెల్లబడ్డాయో, లోపల ఎర్రగా ఉన్నది మంచిదో చెడ్డదో అడిగాడు. ఎర్రగా, గింజలు గింజలుగా ఉంటే కొత్త కండ వస్తోందని అర్థమని, తెల్లటి అంచు నానడం వల్లనని ఆమె చెప్పింది. ఆ రోజు పేరు అడిగితే మొదటిసారే అసలు పేరు చెప్పాడు.

ఆ తరువాత కొంతకాలం మంచిగా గడిచింది. ఎవరు వచ్చినా కట్టు విప్పలేదు. చూస్తామని పట్టుబట్టినవాళ్లతో, సాయంత్రం రండ్రి, అద్దంల చూద్దురు అని నవ్వేవాడు. లోతు తగ్గింది. గులాబి రంగు అంచు లోపలికి పాకుతోందని అద్దంలో నాకు కూడా చూపించాడు, తన పొలంలో మొలకలు చూపించినట్టు. వానలు పడ్డాయి. కర్ర పట్టుకుని మడమ మీద బాత్రూందాకా వెళ్లడానికి డాక్టరు ఒప్పుకున్నాడు.

బోనాల తరువాత మా మేనమామ శామీర్‌పేట నుంచి వచ్చాడు. మా చిన్నప్పుడే మా నాయిన పోతే మా ఇద్దరినీ పెంచింది ఆయనే. చూపు ఆనదు. ఆటోలో వచ్చాడు. దారి కాకపోయినా గండిమైసమ్మ దాకా చుట్టు తిరిగి వెళ్లి అమ్మవారికి మొక్కి, బండారు కాగితంలో కట్టించుకుని తెచ్చాడు. అమ్మవారికి ఎక్కించిన పసుపు అది. మంచం మీద కూర్చుని అన్న తల నిమిరాడు. ఫోటో చూపించబోతే నాకు ఫోన్లల్ల ఏం కనవడదు కొడుకా అన్నాడు. అద్దం కూడా ఆయనకు పనికిరాదు.

"నీ కాలు నా చేతికియ్యి. చేతితోటి చూస్త."

వదిన నా వైపు చూసింది. నేను నర్సు వచ్చేదాకా ఆగుదామన్నాను. మామకు చెవులు బాగానే వినిపిస్తాయి. నా మేనల్లుని కాలు ముట్టుకోనీకి సిస్టరమ్మను అడగాల్నా అన్నాడు, కోపంగా కాదు, బాధగా.  అన్న నాకు చెయ్యి అడ్డం పెట్టి, తానే ముడి విప్పుకున్నాడు.

ముసలాయన పాదాన్ని ఒళ్లో పెట్టుకుని వేళ్లతో తడిమాడు. పుండు అంచు మీద బొటనవేలు ఆపాడు. చిన్నప్పుడు మాకు ముల్లు దిగితే అలాగే తడిమి తీసేవాడు. పొట్లం విప్పి బండారు అద్దాడు. ఇగ మానుతది అన్నాడు.  ఆ సాయంత్రం నర్సు పసుపు చూసి ఎవరు పెట్టారని కూడా అడగలేదు. సెలైనుతో చాలాసేపు కడిగింది. ముఖం మామూలుగానే ఉంది. అన్న అద్దంలో పుండును కాకుండా ఆమెను చూశాడు.

వారం తిరగకముందే జ్వరం వచ్చింది. పాదం ఉబ్బింది. బొటనవేలు నల్లబడింది, ఆ నలుపు వేళ్ల మీదుగా పైకి పాకింది. ఆస్పత్రిలో ఇచ్చిన మందులేవీ పట్టలేదు. కాలు మోకాలి కిందికి తీసేశారు. బండారు వల్లనేనా అని నర్సును అడిగాను. తెలియదంది. రక్తం సరిగా అందని కాలు, ఎలాగైనా కావచ్చు, ఏ రోజు తెరిచినప్పుడు లోపలికి పోయిందో ఎవరం చెప్పగలమండీ అంది. ఆమె అది మామను కాపాడటానికి అందో, నిజమే అందో నాకు ఇప్పటికీ తెలియదు. విలేకరిగా నేను చాలామందిని కారణాలు అడిగాను. వాళ్లు చెప్పినవి రాశాను కూడా. ఈసారి రాయడానికి ఏమీ దొరకలేదు.

మామ మళ్లీ వచ్చాడు. గేటు లోపల సిమెంటు అరుగు మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మని వదిన ఎంత పిలిచినా లేవలేదు. మీ అన్న ఎట్లున్నడు అని నన్ను అడిగి, చెప్పింది విని, చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

జనం ఇప్పటికీ వస్తారు. కుర్చీలో కూర్చుంటారు. దుప్పటి కింద ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు చదునుగా ఉంటుంది. వాళ్లు గోడ మీది క్యాలెండరు చూస్తారు, ఫ్యాను చూస్తారు, వానల సంగతి మాట్లాడతారు. చూపించమని ఎవరూ అడగరు. అన్న చక్కెర లేని చాయ్ తాగుతాడు. ఒకాయన వెళ్లాక అన్న నాతో, గీయన నా మొకం దిక్కు కూడా చూడలేదు చూసినవా అన్నాడు.

మోకాలి కింది కుట్లకు కట్టు మార్చడానికి ఆ అమ్మాయి మళ్లీ వస్తోంది. చేతులు కడుక్కుంటుంది, పక్కన కూర్చుంటుంది, నిద్ర పట్టిందా అని అడుగుతుంది. లేని పాదం దురద పెడుతోందని అన్న చెబితే, అది అబద్ధం కాదండీ, అలా అనిపిస్తుంది అంటుంది. పేరు అడుగుతుంది. ఆయన ఇప్పుడు ఇంటిపేరుతో సహా, తండ్రి పేరుతో సహా చెబుతాడు, తహశీల్దారు ఎదుట చెప్పినట్టు. ఆమె ఆ రెండూ అడగలేదు.

మొన్న కట్టు విప్పబోతూ అద్దం అందించింది. ఆయన దాన్ని దిండు పక్కన బోర్లా పెట్టాడు.

"తమ్మీ, నువ్విట్ల ఎదురుంగ వొచ్చి నిలవడు. గామె చూస్తుంటే నువ్వు చూడు. నేను నిన్ను చూస్త."

నేను మంచం కాలివైపు వెళ్లి నిలబడ్డాను. నర్సు కత్తెరతో గుడ్డ కత్తిరించింది. కింద ఎలా ఉందో చూశాను. తలెత్తేసరికి అన్న కళ్లు నా మీదే ఉన్నాయి.